పాటను వెంట తీసుకెళ్లిన నూరేళ్లు

2022 మే 10న ఆపిల్ సంస్థ ఒక చిన్న ప్రకటన చేసింది. ఐపాడ్ టచ్ ఇక తయారు కాదు, ఉన్న సరుకు అయిపోయేదాకా మాత్రం అమ్ముతామని దాని సారాంశం. 2001లో మొదలై, నలభై కోట్లకు పైగా అమ్ముడుపోయిన ఒక యంత్రవంశం అంతటితో ముగిసింది. పాటలు వినడం కోసమే పుట్టిన జేబుయంత్రాన్ని ఫోను మింగేస్తుందా లేదా అని ఏళ్ల తరబడి సాగిన వాదానికి అదే తీర్పని చాలామంది అనుకున్నారు. అది తీర్పే, కాదనలేం. కాని ఇలాంటి తీర్పు రావడం ఇది మొదటిసారి కాదు. లక్క రికార్డు, ట్రాన్సిస్టరు, క్యాసెట్టు, వాక్‌మన్, సీడీ, ఐపాడ్, ఒక్కొక్కటీ తన కాలానికి రాజై, తన తర్వాతి దానికి గద్దె అప్పగించి తప్పుకుంది. ప్రతి మలుపులోనూ పాట కొత్త జనాన్ని చేరింది. అదే మలుపులో కొన్ని పాటలు పాత యంత్రంతోపాటు వెనక నిలిచిపోయాయి. మొదటి సంగతి అందరూ చెప్పుకున్నదే. రెండోదాన్ని కూడా కలిపి చూస్తేనే ఈ నూరేళ్ల నడక పూర్తిగా అర్థమవుతుంది.

గ్రామఫోనును మనం హాల్లో ఒక మూల కూర్చున్న పెట్టెగా గుర్తుపెట్టుకున్నాం గాని, అది ప్రయాణాలు చేయడం తొందరగానే నేర్చుకుంది. 1914లో ఇంగ్లండులో డెక్కా పేరుతో వచ్చిన పెట్టె గ్రామఫోనుకు మూత వేసి, పిడి పట్టుకుని ఎక్కడికైనా తీసుకుపోవచ్చు. మొదటి ప్రపంచయుద్ధంలో సైనికులు దాన్ని కందకాల్లోకి వెంటబెట్టుకు వెళ్లారు. కరెంటు అక్కర్లేదు, కీ ఇస్తే చాలు. రికార్డు మార్చినప్పుడల్లా ముల్లు మార్చాలి, ఒక్కో వైపు మూడు నిమిషాలకు కాస్త అటూ ఇటూ పాట. ఆ రికార్డులకు వాడిన లక్క చాలావరకు మన దేశపు అడవుల నుంచి వెళ్లిందే. 1902లో ఫ్రెడ్ గైస్‌బర్గ్ కలకత్తా వచ్చి గౌహర్ జాన్ గొంతును పట్టుకుపోయిన నాటి నుంచి మన సంగీతం ఆ మూడు నిమిషాల కొలతకు ఒదగడం నేర్చుకుంది. రాత్రంతా సాగే నాటకంలో పద్యానికి రాగం తీసి తీసి జనాన్ని కూర్చోబెట్టే నటుడు, రికార్డు కోసం ఆ రాగాన్ని కత్తిరించుకోవలసి వచ్చింది. అయినా తెలుగు నాట రంగస్థల పద్యం నాటక సమాజాలు వెళ్లలేని ఊళ్లకు కూడా ఆ నల్లటి పళ్లాల మీద ఎక్కే వెళ్లింది. కాఫీ హోటలులో, పెళ్లివారింట్లో, ఊరి పెద్ద అరుగు మీద గ్రామఫోను మోగితే వాడంతా వినేది. పాటను మోసుకెళ్లగలిగింది కలవాళ్లే, కాని విన్నది అందరూ.

రెండో మలుపు ఒక చిన్న అర్ధవాహకపు ముక్కతో వచ్చింది. 1947 డిసెంబరులో అమెరికాలోని బెల్ ల్యాబొరేటరీస్‌లో జాన్ బార్డీన్, వాల్టర్ బ్రాటెయిన్ చేసి చూపించిన ట్రాన్సిస్టరు, గాజుబుడ్డి వాల్వుల బరువును, వేడిని, ఆకలిని ఒక్కసారిగా తీసేసింది. విలియం షాక్లీతో కలిపి ఆ ఇద్దరికీ 1956లో నోబెల్ వచ్చింది. 1954 చివర్లో రీజెన్సీ టీఆర్-1 అనే జేబురేడియో 49.95 డాలర్లకు అమ్మకానికి వచ్చింది. అందులో ఉన్నవి నాలుగే ట్రాన్సిస్టర్లు. మూడేళ్లకు జపానులో టోక్యో సంస్థ ఒకటి చేసిన టీఆర్-63 వచ్చింది. అది మామూలు చొక్కా జేబులో సరిగా పట్టక, అమ్మకందార్లకు కాస్త పెద్ద జేబులు కుట్టించిన చొక్కాలు ఇచ్చారని ఒక కథ ఉంది. అదే టోక్యో సంస్థ 1958లో సోనీ అని పేరు మార్చుకుంది.

మన దేశంలో ట్రాన్సిస్టరు వచ్చిన వేళ కూడా చెప్పుకోదగ్గది. సమాచార ప్రసార మంత్రి బి.వి. కేస్కర్ ఆకాశవాణిలో సినిమా పాటకు తలుపు మూస్తే, శ్రోతలు ముల్లు తిప్పి రేడియో సిలోన్ పట్టుకున్నారు. అక్కడి తెలుగు వ్యాఖ్యాత మీనాక్షి పొన్నుదురై గొంతు సముద్రం దాటి తెలుగు ఇళ్లకు చుట్టమైంది. చివరికి 1957 అక్టోబరు 3న వివిధభారతి పుట్టి ఆ తలుపు మళ్లీ తెరిచింది. పోస్టాఫీసులో రేడియోకు లైసెన్సు కట్టే రోజులవి, 1980ల మధ్య దాకా ఆ కట్టుబాటు ఉంది. అయినా పొలం గట్టు మీద, ఎడ్లబండి కమ్మికి, మగ్గం పక్కన, మంగలి కొట్టులో ట్రాన్సిస్టరు వేలాడింది. మంగళంపల్లి బాలమురళీకృష్ణ విజయవాడ కేంద్రంలో మొదలుపెట్టిన భక్తిరంజని పొద్దున్నే ముగ్గు వేసే చేతులకు తోడైంది. కలవాడి పెట్టెలో ఉన్న పాట కూలివాడి భుజానికెక్కింది. అయితే ఏ పాట ఎప్పుడు రావాలో నిర్ణయించేది స్టేషనే. కోరిన పాట కోసం పోస్టుకార్డు రాసి, పేరు చదువుతారేమోనని చెవి అప్పగించి కూర్చున్న తరం అది.

ఆ ఎదురుచూపును తీర్చినవాడు లౌ ఓటెన్స్. బెల్జియంలోని హాసెల్ట్‌లో ఫిలిప్స్ ఫ్యాక్టరీలో పనిచేసిన ఈ డచ్ ఇంజనీరు, తన కోటు జేబులో పట్టేటంత చెక్కముక్క ఒకటి కోయించి, టేపురికార్డరు ఇంతకు మించకూడదని తన వాళ్లకు చెప్పాడు. 1963లో బెర్లిన్ ప్రదర్శనలో కాంపాక్ట్ క్యాసెట్టు బయటికొచ్చింది. నాలుగు మిల్లీమీటర్లకు కాస్త తక్కువ వెడల్పున్న టేపు, సెకనుకు 4.76 సెంటీమీటర్ల నడక. మొదట్లో అది ఉత్తరాలు చెప్పి రాయించుకోవడానికే తప్ప సంగీతానికి పనికిరాదనుకున్నారు. సోనీ పట్టుబట్టడంతో ఫిలిప్స్ ఆ నమూనాను రాయల్టీ లేకుండా అందరికీ ఇచ్చింది. నా లెక్కలో ఈ నూరేళ్లలో అన్నింటికన్నా పెద్ద మలుపు ఇదే. యంత్రం ఎవరు చేసినా క్యాసెట్టు ఒకటే కావడం వల్ల పాట ఏ కంపెనీ గడపకూ కట్టుబడకుండా తిరిగింది. అంతకన్నా ముఖ్యం, వినేవాడి చేతిలో రికార్డు చేసే ఎర్ర బొత్తాము పడింది. పాట వినడంతోపాటు పట్టుకోవడం కూడా సామాన్యుడికి చేతనైంది.

తెలుగు నేల మీద క్యాసెట్టు చేసిన పని అంతా ఇంతా కాదు. గల్ఫు వెళ్లిన కరీంనగర్, కడప, కోనసీమ కుర్రాళ్లు సెలవుల్లో టూ-ఇన్-వన్ చంకన పెట్టుకుని దిగారు. చదువురాని తల్లి మాటలు క్యాసెట్టులో పట్టి కొడుక్కి పంపిన ఇళ్లున్నాయి. దేశంలో రికార్డుల వ్యాపారాన్ని ఏలుతూ వచ్చిన హెచ్.ఎం.వి. ఏకఛత్రం 1980ల్లో కూలింది. గుల్షన్ కుమార్ టీ-సిరీస్ చవక క్యాసెట్లు ఉత్తరాన ఆ పని చేస్తే, ఇక్కడ లహరి, ఆదిత్య, సుప్రీమ్ వంటి పేర్లు ఇంటింటికీ తెలిశాయి. గుడి మైకులో ఎం.ఎస్. సుబ్బులక్ష్మి సుప్రభాతం, ఘంటసాల భగవద్గీత. బస్సులో ‘శంకరాభరణం’. తిరునాళ్లలో ‘దానవీరశూరకర్ణ’ డైలాగులు. హరికథ, బుర్రకథ, ఒగ్గుకథ, పెద్ద కంపెనీలు ముట్టని జానపదం, గద్దర్ పాట, ఊరి భజన సమాజం పాడుకున్న తత్వాలు, అన్నిటికీ చోటు దొరికింది. మా ఊరి బజారులో పాటలు రికార్డు చేసే కొట్టు ఉండేది. నోటుపుస్తకం కాగితం మీద వరుసగా పాటల పేర్లు రాసిచ్చి, అరవై క్యాసెట్టా తొంభై క్యాసెట్టా చెబితే, నాలుగు రోజులకు చేతికొచ్చేది. చివర పాట సగంలో తెగకుండా ఉండాలంటే నిమిషాలు కూడుకుని రాసివ్వాలి. ఆ కాగితం రాయడానికి పట్టిన సాయంత్రాలు నాకిప్పటికీ గుర్తు.

1979 జులై 1న టోక్యోలో 33,000 యెన్‌ల ధరకు అమ్మకానికొచ్చిన వాక్‌మన్ టీపీఎస్-ఎల్2లో సాంకేతికంగా కొత్తది దాదాపు ఏమీ లేదు. విలేఖరుల కోసం అంతకు ముందే చేసిన ప్రెస్‌మన్ రికార్డరులోంచి రికార్డు చేసే భాగం తీసేసి, స్పీకరు తీసేసి, స్టీరియో పెట్టారు. దూరప్రయాణాల విమానాల్లో పాట వినాలని ముచ్చటపడిన సోనీ వ్యవస్థాపకుడు మసారు ఇబుకా అడిగితే, కోజో ఓసోనె బృందం చేసిన మార్పు అది. రికార్డు చేయని టేపురికార్డరును ఎవరు కొంటారని ఇంటివాళ్లే అనుమానపడ్డారు. అకియో మొరిటా మాత్రం నమ్మాడు. మొదటి నెలలో మూడువేలే అమ్ముడైనా, ఆగస్టు ముగిసేసరికి చేసిన ముప్పైవేలూ చెల్లిపోయాయి. అందులో రెండు హెడ్‌ఫోన్ రంధ్రాలు, పక్కవాళ్లతో మాట్లాడటానికి పాట తగ్గించే నారింజరంగు బొత్తాము ఉండేవి. ఒక్కడే వినడం మర్యాద కాదేమోనన్న జంకు వాటిలో కనిపిస్తుంది. ఆ జంకు త్వరలోనే పోయింది, తర్వాతి నమూనాల్లో ఆ బొత్తామూ పోయింది. నడుముకు కట్టుకుని పాట వినే ఆలోచన తనదని 1977లోనే ఇటలీలో పేటెంటు వేసిన ఆండ్రియాస్ పావెల్ రెండు దశాబ్దాలకు పైగా పోరాడి, చివరికి సోనీతో రాజీకి రాగలిగాడు. మార్గదర్శకుల పేర్లు చెప్పేటప్పుడు ఆయన పేరు కూడా చెప్పడం న్యాయం.

వాక్‌మన్‌తో వాడ వినే పాట ఒక్కరి పాటైంది. మన దగ్గర అది మొదట విదేశాల నుంచి వచ్చిన బంధువుల సూట్‌కేసులో కనిపించేది, తర్వాత ఏ కంపెనీది కొన్నా పేరు వాక్‌మనే. బ్యాటరీ నీరసిస్తే గాయకుడి గొంతు బరువెక్కి సాగేది. బ్యాటరీ మిగుల్చుకోవడానికి క్యాసెట్టును పెన్సిలుతో తిప్పిన చేతులు ఇప్పుడు యాభై దాటి ఉంటాయి. 2010లో జపానులో క్యాసెట్టు వాక్‌మన్ అమ్మకం ఆపేనాటికి అవి ప్రపంచమంతటా సుమారు 20 కోట్లు అమ్ముడయ్యాయి.

సీడీ గురించి ఇక్కడ ఎక్కువ చెప్పుకోనక్కర్లేదు. 1982లో వచ్చింది, 1984లో చేతిలో పట్టే డిస్క్‌మన్ అయింది. శబ్దంలో స్వచ్ఛత ఉన్నా, నడిస్తే ఉలిక్కిపడి పాట తప్పేది. అసలు మార్పు జర్మనీలోని ఎర్లాంగెన్‌లో, ఫ్రౌన్‌హోఫర్ సంస్థలో, కార్ల్‌హైంజ్ బ్రాండెన్‌బర్గ్ బృందం చేతిలో జరిగింది. మన చెవి విన్నదంతా గుర్తించదు. ఒక పెద్ద ధ్వని పక్కనున్న చిన్న ధ్వనిని కప్పేస్తుంది. కప్పబడేది లెక్కగట్టి తీసేస్తే పాట పరిమాణం సుమారు పదో వంతుకు తగ్గుతుంది. సుజాన్ వేగా వాద్యాలు లేకుండా పాడిన ఒక పాటను మళ్లీ మళ్లీ కుదించి విని, గొంతు చెడకుండా వచ్చేదాకా వాళ్లు ఆ పద్ధతికి సానబెట్టారు. 1995 జులైలో దాని ఫైళ్లకు ఎంపీ3 అన్న తోక కుదిరింది. 1998లో కొరియా నుంచి ఎంపీమన్, అమెరికాలో డైమండ్ రియో వచ్చాయి. రెంటిలోనూ ఉన్నది 32 ఎంబీ, అంటే పది పాటలు పడితే గొప్ప. రికార్డు కంపెనీల సంఘం రియోను కోర్టుకు లాగింది. 1999 జూన్‌లో తీర్పు యంత్రం పక్షాన వచ్చింది. ఆ తీర్పు వేరేలా వచ్చి ఉంటే తర్వాతి కథ ఇంత తేలిగ్గా నడిచేది కాదు. మన హైదరాబాదు కోఠి ఫుట్‌పాత్ మీద మాత్రం తీర్పుల కోసం ఎవరూ ఆగలేదు. నూటయాభై పాటల ఎంపీ3 సీడీలు కుప్పలుగా పోసి అమ్మారు. అవి చాలావరకు దొంగ నకళ్లే. ఆ చవకలో పాడినవాళ్లకు దక్కాల్సింది దక్కలేదన్నది దాచకుండా చెప్పుకోవలసిన నిజం.

2001 అక్టోబరు 23న స్టీవ్ జాబ్స్ జేబులోంచి తీసిన ఐపాడ్‌లో 5 జీబీ హార్డ్ డిస్కు, వెయ్యి పాటలు, ధర 399 డాలర్లు. తోషిబా చేసిన 1.8 అంగుళాల డిస్కు లేకపోతే ఆ పెట్టె అంత చిన్నదయ్యేది కాదు, టోనీ ఫాడెల్ పట్టుదల లేకపోతే ఏడాది తిరక్కుండా అది తయారయ్యేదీ కాదు. 2003లో పాట ఒక్కింటికి 99 సెంట్లకు అమ్మే దుకాణం తెరవడంతో, కొని వినే అలవాటుకు మళ్లీ ప్రాణం వచ్చింది. అమెరికా నుంచి సెలవుకొచ్చే తెలుగు సాఫ్ట్‌వేర్ పిల్లలు తమ్ముళ్లకు తెచ్చే కానుకల్లో ఐపాడ్ చేరింది. 2008 ఆర్థిక సంవత్సరంలో 5 కోట్ల 48 లక్షలు అమ్ముడై శిఖరానికి చేరింది. అప్పటికే దాన్ని దించేది అదే ఇంట్లో పుట్టి ఉంది. 2007 జనవరిలో ఐఫోన్‌ను చూపించినప్పుడు అందులో ఐపాడ్ కూడా ఉందని జాబ్స్ స్వయంగా చాటాడు. తన గద్దె మరొకడు లాక్కోక ముందే తన బిడ్డకిచ్చిన రాజు కథ అది.

అయితే తెలుగు ఊళ్లలో పాటల పెట్టెను ఓడించింది ఐఫోన్ కాదు. నోకియా ఎక్స్‌ప్రెస్ మ్యూజిక్, సోనీ ఎరిక్సన్ వాక్‌మన్ ఫోను, వాటి వెనక పెద్ద స్పీకర్లతో వచ్చిన చవక చైనా సెట్లు ఆ పని చేశాయి. గోరంత మెమరీ కార్డులో వందల పాటలు పట్టాయి. జనం దాన్ని చిప్పు అన్నారు. సెల్‌ఫోన్ కొట్టుకు వెళ్లి చిప్పులో పాటలు ఎక్కించుకోవడం 2010 ప్రాంతంలో ప్రతి ఊళ్లో ఒక వ్యవహారం. పాత చిరంజీవి పాటలా, కొత్త పాటలా, భక్తి గీతాలా అని అడిగి కొట్టు కుర్రాడు ఎక్కించేవాడు. కాగితం మీద పేర్లు రాసిచ్చిన మా తరానికి ఆ దృశ్యం కొత్తగా అనిపించలేదు, కొట్టు అదే, యంత్రమే మారింది. 2016 సెప్టెంబరులో జియో వచ్చి డేటా చవకయ్యాక ఎక్కించుకోవలసిన పని కూడా పోయింది. సావన్, గానా, 2019 నుంచి స్పాటిఫై, పేరు చెబితే పాట. ట్రాన్సిస్టరు రోజుల్లో స్టేషను దయ కోసం ఆగిన శ్రోతకు ఇంతకన్నా ఏం కావాలి? పొలానికి వెళ్లే కూలి జేబులో కూడా ఒకనాటి జమీందారు ఊహించని గ్రంథాలయం ఉంది. దీన్ని నేను నిండు మనసుతో మెచ్చుకుంటాను.

జనసామాన్యం వరకు ఫోనుకూ పాటల పెట్టెకూ మధ్య పోటీ ముగిసింది. ప్రత్యేక యంత్రం మిగిలింది కొన్ని గదుల్లోనే. ఒక గదిలో శబ్దం మీద మక్కువ ఉన్నవాళ్లు ఉన్నారు. 2012లో ఆస్టెల్ అండ్ కెర్న్ మొదలుపెట్టిన దారిలో, బంగారు పూత పూసిన రాగి పెట్టెతో సోనీ 2016లో చేసిన వాక్‌మన్, చైనా నుంచి ఫియో పెట్టెలు, అన్నీ వాళ్ల కోసమే. ఫోన్లలో హెడ్‌ఫోన్ రంధ్రం పూడ్చేయడం మొదలయ్యాక వాళ్ల గది కాస్త పెద్దదైంది కూడా. అయితే ఆ గదికి హద్దు ఉంది. గాయకుడు నీల్ యంగ్ 2014లో తలపెట్టిన పోనో ప్లేయరుకు అభిమానులు 60 లక్షల డాలర్లకు పైగా పోగుచేసినా నాలుగేళ్లు నిలవలేదు. రెండో గది మనకు బాగా తెలిసినది. 2017లో సారెగమ సంస్థ అయిదువేల పాటలు ముందే నింపి, పాత రేడియో రూపంలో కారవాన్ పెట్టెను తెచ్చింది. తెలుగు పాటలతో కూడా చేసింది. పిల్లలు అమ్మానాన్నలకు కొనిచ్చారు. ఈ సారెగమ మరెవరో కాదు, గౌహర్ జాన్ రికార్డు అమ్మిన ఆ పాత గ్రామఫోన్ కంపెనీయే. పూజగదిలో మంత్రం చదివే చిన్న పెట్టె, ట్రాక్టరు మీద పెన్‌డ్రైవ్ పాటల పెట్టె, ఇవీ ప్రత్యేక యంత్రాలే. పాట మధ్యలో ఫోను మోగకూడదనుకున్న చోట, తెర చూడటం రానిచోట, చేతులు మట్టిగా ఉన్నచోట ఒకే పని చేసే యంత్రం ఇంకా బతుకుతూనే ఉంటుంది.

ఇక వెనక నిలిచిపోయినవాటి సంగతి. లక్క రికార్డుల నుంచి ఎల్పీలకు అన్నీ రాలేదు. ఎల్పీల నుంచి క్యాసెట్టుకు, క్యాసెట్టు నుంచి ఫోనుకు కూడా అంతే. అమ్ముడవుతాయనుకున్నవే కంపెనీలు కొత్త యంత్రానికి మార్చాయి. చెన్నైలో వి.ఎ.కె. రంగారావు వంటివారు జీవితమంతా వేల రికార్డులు పోగుచేయకపోతే, తొలి తరం తెలుగు గొంతులు ఎన్నో పేర్లుగా కూడా మిగిలేవి కావు. అన్నమయ్య సంకీర్తనలు రాగిరేకుల మీద తిరుమలలో ఒక అరలో శతాబ్దాలు పడి ఉండి, 20వ శతాబ్దపు తొలి సగంలో గాని వెలుగు చూడలేదు. రాగి కాబట్టి ఆగింది. టేపు అంతకాలం ఆగదు. దాని మీది పొర రాలుతుంది, చుట్టలు ఒకదానికొకటి అంటుకుంటాయి, బూజు పడుతుంది. ఊరి భజన సమాజం పాడిన తత్వాలు, ఎవరో హరిదాసు శివరాత్రికి చెప్పిన కథ, పెళ్లిలో ముత్తైదువల అప్పగింతల పాట ఏ యాప్‌లోనూ లేవు. అవి క్యాసెట్టులోనే ఉన్నాయి, ఆ క్యాసెట్టు అటక మీద ఉంది.

మా ఇంట్లో అలాంటిది ఒకటి ఉండేది. 1986లో మా నాయనమ్మ పాడిన మంగళహారతులు. ఆమె పోయిన చాలా ఏళ్లకు బయటికి తీస్తే, క్యాసెట్టు బాగానే ఉంది, తిప్పడానికి ఇంట్లో యంత్రం లేదు. పక్క పట్నంలో ముసలి మెకానిక్కు ఒకాయన మూలనున్న టేపురికార్డరు తీసి, సాగిపోయిన బెల్టు మార్చి, స్పిరిటుతో హెడ్డు తుడిచి, క్యాసెట్టులో ఊడిపోయిన ప్యాడు అతికించి వినిపించారు. హెడ్‌ఫోన్ రంధ్రం నుంచి కంప్యూటరుకు ఒక తీగ పెట్టి అరగంటలో ఎక్కించుకున్నాం. మధ్యలో ఎవరో పిల్లాడు ఏడుస్తాడు, నాయనమ్మ పాట ఆపి వాణ్ణి పిలుస్తుంది. ఆ పిల్లాణ్ణి నేనే. ఇప్పుడు ఆ పాట మా ఇంట్లో అందరి ఫోన్లలోనూ ఉంది.

మీ అటక మీద కూడా చేతిరాతతో పేర్లు రాసిన క్యాసెట్లు ఉంటే ఈ వారమే దింపండి. వెంటనే ఆడించకుండా ముందు బూజు చూడండి, రెండు వైపులా ఒకసారి మెల్లగా చుట్టి వదులు చేయండి. టేపురికార్డరు బాగుచేయగలిగినవాళ్లు మీ ఊళ్లో ఒకరిద్దరే మిగిలి ఉంటారు, వాళ్లూ పెద్దవాళ్లవుతున్నారు. ఎక్కించిన పాటను ఒక ఫోనులోనే ఉంచకుండా రెండు మూడు చోట్ల దాచి, ఎవరు పాడారో, ఏ ఊరో, ఏ ఏడాదో పక్కనే రాసిపెట్టండి.